గుత్త పట్టే ముందు ఒక్క మాట



సెప్టెంబరు వచ్చింది. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా ఎండలో పని చేయించకూడదనే నిషేధం ఆగస్టు 31తో అయిపోయింది. చలికాలం లోపల తోటలో గది లేవాలి, దివానియాకు టైల్స్ పడాలి, కాంపౌండు గోడ అయిపోవాలి అని వఫ్రా మజ్రాల యజమానులు తొందరపడే టైం ఇదే. ఎక్కడ చూసినా పనే. పని ఎక్కువైనప్పుడు మనవాళ్లకు ఒక ఆలోచన వస్తుంది. ఈ రెండు వారాల్లో నలుగురు తమ్ముళ్లు నన్ను అదే అడిగినారు.

"అన్నా, ఈ నెల జీతం మానేసి సొంతంగా గుత్తకు దిగితే ఎట్లుంటుంది?"

నలుగురికీ వేరువేరుగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తే మేలని ఈ వారం మాట దీని మీదే పెడుతున్నాను. కొంచెం పొడుగుంటుంది. రూముకు పోయి స్నానం చేసి, నిదానంగా చదవండి. చదవడం రాని జతగాడు ఉంటే చదివి వినిపించండి.

ముందే చెప్తున్నా, గుత్త పని చెడ్డది అని నేను అనను. చేతిలో పనితనం ఉన్నవాడికి ఎవరి కిందా నిలబడి మాట పడకుండా బతకాలని ఉంటుంది. అది తప్పు కాదు. మన రాజంపేట, కోడూరు, రాయచోటి పక్క మేస్త్రీలు ఊర్లో చేసేది కూడా గుత్త పనే కదా. పని బాగా జరిగిన నెలలో రెండు నెలల జీతం ఒకేసారి చేతికి వస్తుంది. పొద్దున ఎన్నింటికి లేవాలి, ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఏ రోజు సెలవు, అన్నీ మనమే చెప్పుకోవచ్చు. "ఈ గది నేను కట్టినాను" అని దారిలో పోతా చూపించుకోవచ్చు. ఆ సంతోషం నాకూ తెలుసు.

కానీ మనవాళ్లు గుత్త లెక్కను తప్పుగా వేస్తారు. ఇదిగో ఒక ఉదాహరణ వేసి చూద్దాం.

400 మీటర్ల టైల్స్ పని వచ్చింది. మెటీరియల్ వాళ్లది, కూలి మనది. మీటరుకు 2 దీనార్లు అనుకుందాం. మొత్తం 800 దీనార్లు. ఈ 800 చూసే మన కడుపు నిండిపోతుంది. ఇప్పుడు ఖర్చు చూడండి. మీరు ఒక మేస్త్రీ. ఇంకో మేస్త్రీకి రోజుకు 12, ఇద్దరు హెల్పర్లకు చెరి 8, అంటే రోజుకు 28 దీనార్లు. వానెట్ పెట్రోలు, తిండి, నీళ్లు రోజుకు 3. కటింగ్ డిస్కులు, చిన్నాచితకా సామాను మొత్తం మీద 30. పని 20 రోజులు పట్టింది అనుకోండి. కూలీలకు 560, తిండి, బండికి 60, సామానుకు 30. మొత్తం 650. మీకు మిగిలేది 150. రోజుకు ఏడున్నర దీనార్లు. మీరు పెట్టుకున్న హెల్పరుకు 8 ఇచ్చినారు. అందరికంటే ఎక్కువ తలనొప్పి పడిన మీకు హెల్పరు కంటే తక్కువ వచ్చింది.

అదే పని 16 రోజుల్లో అయిపోతే? ఖర్చు 526. మిగిలేది 274. రోజుకు 17 దీనార్లు. ఇది మంచి సంపాదనే.

చూసినారా? రేటు అదే, పని అదే, మనుషులు అదే. నాలుగు రోజులే తేడా. గుత్తలో లాభం వచ్చేది రేటు వల్ల కాదు, రోజుల వల్ల. ఆ రోజులు మన చేతిలో ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి.

వఫ్రాలో ఆ రోజులు ఎట్లా పోతాయో ఇక్కడ పని చేసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. సిటీ నుంచి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. టైల్ డబ్బాలు రెండు తక్కువ పడితే ఫహాహీల్ పక్కకు పోయి తేవాల్సిందే, ఆ రోజు పోయినట్టే. నీళ్ల ట్యాంకరు ఈ రోజు అంటే రేపు వస్తుంది. దుమ్ము గాలి లేచిందంటే బయట పని బంద్. ఇసుక లోడు రాలేదని పొద్దున్నుంచి తుమ్మ చెట్టు కింద కూర్చున్న రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. నెల జీతగాడు కూర్చుంటే కంపెనీకి నష్టం. గుత్తగాడు కూర్చుంటే వాడికే నష్టం. పై లెక్కలో ఐదు రోజులు కూర్చోబెట్టి కూలి ఇస్తే 140 దీనార్లు గాలికి పోయినట్టు. మిగిలేది 10 దీనార్లు. ఆ పైన "పని చూసి ఇస్తా" అని యజమాని చివరి బిల్లులో 80 పట్టుకుంటే మీరే 70 దీనార్లు అప్పులో ఉంటారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే పక్కవాళ్లకు నీతులు చెప్పినట్టు ఉంటుంది.

2016 చలికాలంలో నేను జీతం మానేసి గుత్తకు దిగినాను. మొదటి రెండు పనులు బాగా జరిగినాయి. ఇంటికి ఎక్కువ పంపినాను, కొత్త ఫోను కొన్నాను, నా అంత మొనగాడు లేడనుకున్నాను. మూడో పని ఒక తోటలో గదులు, ప్లాస్టరింగు, టైల్స్ కలిపి 900 దీనార్లకు పట్టినాను. నాకు ఇచ్చింది యజమాని కాదు, మధ్యలో ఒక పెద్ద కాంట్రాక్టరు. కాగితం లేదు, నోటి మాటే. నాతో ఐదుగురు జతగాళ్లు. పని మొత్తం అయిపోయింది, నా చేతికి వచ్చింది 350. మిగతాది వచ్చే వారం అన్నాడు. మళ్లీ వచ్చే వారం అన్నాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేసినాడు.

జతగాళ్లకు నేను 430 దీనార్లు బాకీ. వాళ్లు అడిగితే నేనేం చెప్పినానో తెలుసా? "వచ్చే వారం." ఆయన నాకు చెప్పిన మాటే నేను వాళ్లకు చెప్పినాను. తర్వాత నేనూ ఫోను ఎత్తడం మానేసినాను. నన్ను మోసం చేసినవాడు ఏం చేసినాడో నేనూ అదే చేసినాను. నాకైతే కారణం ఉంది అనుకున్నాను. ఆయనకూ ఏదో కారణం ఉండే ఉంటుంది.

ఆ ఐదుగురిలో ఒకడు మా ఊరి పక్క ఊరివాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టాలని లెక్క పెట్టుకుని ఉన్నాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. మా మెస్సులో తినడం మానేసి వేరే రూములో తినడం మొదలుపెట్టినాడు. అంతే. నేను మళ్లీ జీతానికి చేరి, నెల నెలా కొంచెం ఇస్తా పోయినాను. పదకొండు నెలలు పట్టింది. చివరి 20 దీనార్లు ఇచ్చిన రోజు వాడు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని పోయినాడు. లెక్కపెట్టి, తిట్టి ఉంటేనే బాగుండేది అనిపించింది.

నాకు అర్థమైంది ఇది. గుత్తలో నష్టం పైనుంచి కిందికి జారుతుంది. యజమాని పెద్ద కాంట్రాక్టరు మీదికి, ఆయన మన మీదికి, మనం హెల్పరు మీదికి. హెల్పరు కింద ఎవరూ లేరు, ఊర్లో వాడి పెళ్లాం పిల్లలు తప్ప. ఎక్కడో ఒకచోట ఆ జారడం ఆపాలి. గుత్త పట్టాలనుకునే వాడు "నా దగ్గర ఆగుతుంది" అని చెప్పగలిగితే పట్టాలి. చెప్పలేకపోతే పట్టకూడదు.

ఇక కాగితాల సంగతి. ఇది అందరూ జాగ్రత్తగా చదవాలి.

మనలో చాలామందికి 18 నంబరు ఆకామా, అంటే షూన్ వీసా. ఏ కంపెనీ మీద ఉంటే ఆ కంపెనీకే పని. కొంతమందికి 20 నంబరు, అంటే ఖాదిం వీసా. ఆ ఇంటి పనే. లేబరు సొంతంగా గుత్తలు పట్టుకోవచ్చు అని ఈ రెండు నంబర్లలో ఏదీ చెప్పదు. కాంట్రాక్టు పనికి లైసెన్సు కావాలి. కంపెనీ పెట్టాలంటే మామూలుగా 51 శాతం వాటా కువైటీ పేరు మీద ఉండాలి. మనం "ఫ్రీ వీసా" అని పిలుచుకునేది చట్టంలో ఎక్కడా లేదు. ఏడాదికి ఇంత అని కఫీల్‌కు కట్టి బయట పని చేసుకునేవాడు పట్టుబడితే పోయేది వాడే. 2025 జనవరి 5 నుంచి కొత్త ఆకామా చట్టం నడుస్తా ఉంది. వీసాలు అమ్ముకునే వాళ్లకు 3 నుంచి 5 ఏళ్ల జైలు, 5 వేల నుంచి 10 వేల దీనార్ల జరిమానా పెట్టినారు. 2025 జూలై 1 నుంచి 18 నంబరు వాళ్లు దేశం దాటాలంటే కంపెనీ ఒప్పుకుని ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. కఫీల్‌తో చెడితే ఊరికి పోయే రోజు కూడా ఇబ్బందే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జీతగాడికి జీతం ఇవ్వకపోతే షూన్‌లో కంప్లయింటు ఇవ్వొచ్చు. పని మానేసిన ఏడాది లోపల ఇవ్వాలి, అది దాటితే హక్కు పోతుంది. మీటరు లెక్కన తీసుకునేవాడు కూడా కంపెనీ మనిషైతే చట్టం లెక్కలో కార్మికుడే. అట్లాంటి వాళ్లకు రెండు వారాలకు ఒకసారైనా డబ్బు ఇవ్వాలని 2010 నాటి లేబర్ చట్టంలో ఉంది. కానీ సొంతంగా గుత్త పట్టినవాడు కార్మికుడు కాదు, వ్యాపారి. వాడికి షూన్ కాదు, కోర్టే దారి. కోర్టుకు పోతే మొదట వచ్చే ప్రశ్న "నీ లైసెన్సు ఏది?" నేను 2016లో ఎక్కడికీ పోలేకపోయింది అందుకే. బయట పని చేస్తున్నానని నేనే పోయి చెప్పుకున్నట్టు అవుతుంది.

మరి దారి లేదా? ఉంది. మొదటిది, లైసెన్సు ఉన్న కాంట్రాక్టు కంపెనీకి సరిగ్గా ఆకామా మార్పించుకుని, ఆ కంపెనీ లోపలే మీటరు లెక్కన పని అడగడం. పేరు చిన్నదే గానీ కాళ్ల కింద నేల ఉంటుంది. రెండోది, 2024 జనవరి నుంచి 18 నంబరు వాళ్లకు పార్ట్ టైం పర్మిట్ ఇస్తున్నారు. సాహెల్ యాప్‌లో పెట్టుకోవాలి, మీ కంపెనీ ఒప్పుకోవాలి. నెలకు 5 దీనార్లు, మూడు నెలలకు 10, ఆరు నెలలకు 20, ఏడాదికి 30. ఇది ఇంకో కంపెనీలో పని చేయడానికే, సొంత గుత్తకు కాదు. అయినా పైసంపాదన కోసం దొంగచాటుగా పోయేకంటే ఇది మేలు.

జీతం మానేసే ముందు క్యాలెండరు కూడా చూడండి. మనంతట మనం మానేస్తే సర్వీసు డబ్బు మూడేళ్లు నిండకపోతే రాదు. మూడు నుంచి ఐదేళ్లయితే సగం. ఐదు నుంచి పదేళ్లయితే మూడింట రెండు వంతులు. పదేళ్లు నిండితే మొత్తం. తొమ్మిదిన్నరేళ్లు చేసి, గుత్త వచ్చిందని మానేస్తే ఆరు నెలల కోసం మూడో వంతు వదులుకున్నట్టు. ఏ గుత్తలో వస్తుంది అంత లాభం?

ఇప్పటికే గుత్త పనుల్లో ఉన్న తమ్ముళ్లు ఉన్నారు. "మానేయండి" అంటే రేపటికి మానేయలేరని నాకు తెలుసు. వాళ్లకు నాలుగు మాటలు.

1. నోటి మాటకు పని మొదలుపెట్టొద్దు. పెద్ద కాగితం లేకపోయినా వాట్సాప్‌లో రాయించుకోండి. ఎన్ని మీటర్లు, ఎంత రేటు, మెటీరియల్ ఎవరిది, ఏ పని అయితే ఎంత ఇస్తారు. మెటీరియల్ రాక కూర్చుంటే రోజుకు ఎంత అనేది కూడా అందులో ఉండాలి. ఇది అడగడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. ఇప్పుడు సిగ్గుపడితే రెండు నెలల తర్వాత ఫోను చేసి బతిమాలాలి.

2. డబ్బు కంటే పని ముందుకు పోకూడదు. పనిని నాలుగు భాగాలు చేయండి. ఒక భాగం డబ్బు రాకుండా రెండో భాగం మొదలుపెట్టొద్దు. మొత్తం అయిపోయినాక మనం అడిగేవాళ్లం, ఆయన ఇచ్చేవాడు. పని సగంలో ఉన్నప్పుడైతే ఆయనకూ మన అవసరం ఉంటుంది.

3. కొత్త పని అడ్వాన్సుతో పాత పని కూలి ఇవ్వొద్దు. నేను పడింది ఈ గుంతలోనే. ఒకసారి మొదలైతే ప్రతి పనికీ ఇంకో పని కావాలి. ఏ నెల పని దొరకదో ఆ నెల మొత్తం కూలిపోతుంది. మీ జతగాళ్లకు పదిహేను రోజుల కూలి చేతిలో లేకపోతే అంత పెద్ద పని పట్టొద్దు. చిన్నది పట్టండి.

4. ప్రమాదం సంగతి మరిచిపోవద్దు. మీ గుత్తలో సారవ మీద నుంచి ఒకడు పడితే ఆసుపత్రిలో మొదట అడిగేది "ఎవరి మనిషి?" అని. ఆకామా ఒకచోట, పని ఇంకోచోట అయితే ఆ మాటకు జవాబు ఉండదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేకపోయినా 10 లక్షల రూపాయలు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. యజమాని మారినా చెల్లుతుంది. ఇక్కడినుంచే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. మీది ఎప్పుడు అయిపోతుందో ఈ రాత్రే చూసుకోండి. పదో తరగతి పాసై ఈసీఆర్ లేని పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మనకు ఇది ఉందనే భ్రమలో ఉండొద్దు.

గుత్త మేస్త్రీ కింద కూలికి పోయే తమ్ముళ్లకు కూడా ఒక మాట. మన ఊరివాడే కదా, మామ వరసే కదా అని అడగకుండా పోవద్దు. "మామా, అడ్వాన్సు ఎంత వచ్చింది? మాకు కూలి వారానికా, పని అయినాకా?" అని అడగండి. మంచి మేస్త్రీ కోప్పడడు. కోప్పడినాడంటే అప్పుడే మీకు జవాబు దొరికినట్టు. ప్రతి గురువారం రాత్రి మీ రోజుల లెక్క ఆయనకు వాట్సాప్‌లో పెట్టండి. "ఈ వారం 6 రోజులు, 48 దీనార్లు" అని. ఆయన సరే అని పెడితే అదే మీ కాగితం.

చివరికి ఆ నలుగురు తమ్ముళ్ల ప్రశ్నకు నా జవాబు. ఊర్లో నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తున్నవాడు గుత్తకు దిగొద్దు. వడ్డీకి పని లేని రోజంటూ ఉండదు. నెల నెలా ఇంటికి పంపితే తప్ప అక్కడ పొయ్యి వెలగని వాడు దిగొద్దు. కొత్తగా వచ్చి రెండేళ్లు కూడా కానివాడు దిగొద్దు. అప్పు తీరినవాడు, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టినవాడు, లైసెన్సు ఉన్న కంపెనీ నీడలో చేయగలిగినవాడు, ముఖ్యంగా తనకు రాకపోయినా జతగాడి కూలి ఇవ్వగలిగినవాడు దిగొచ్చు. వాడికి నేనే పని చూపిస్తాను.

నన్ను మోసం చేసినవాడి మీద నాకు ఇప్పుడు పెద్ద కోపం లేదు. ఆ పదకొండు నెలలు ఐదుగురి ముఖం చూడలేక వేరే దారిన నడిచినానే, అది మాత్రం మరిచిపోలేదు. మీకు ఆ దారి రాకూడదనే ఇంత రాసినాను.

గుత్తలో బాగుపడినవాళ్లు, దెబ్బ తిన్నవాళ్లు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. ఎవరి పేరూ, ఏ కంపెనీ పేరూ చెప్పొద్దు. జరిగింది చెప్పండి చాలు. కూలి ఆగిపోయి ఇబ్బంది పడుతున్నవాళ్లు గ్రూపులో పెట్టడం ఇష్టం లేకపోతే అడ్మిన్లకు విడిగా రాయండి. శుక్రవారం మధ్యాహ్నం కూరగాయల మార్కెట్టు పక్కన టీ దగ్గర కూడా కలుస్తాం.

అందరూ క్షేమంగా ఉండండి. హెల్మెట్ పెట్టుకోండి. ఇంటికి ఫోను చేయండి.